వెయ్యిన్నీ తొమ్మిదో నంబరు

ఆ ఊళ్ళో పదకొండింటికి కుళాయిలు వదులుతారు. అంతకు గంట ముందే, పదింటికల్లా, ఆ రోజు నీళ్ళు ఎలా ఉన్నాయో జనానికి తెలిసిపోవాలి. నీటి పరీక్షల ఆఫీసు ఉన్నదే అందుకు. పదిహేడు పేటల నుంచి పొద్దున్నే సీసాల్లో నీళ్ళు వస్తాయి. వెనక గదిలో పరీక్ష చేస్తారు. వచ్చిన అంకెల్ని గుమాస్తా కంప్యూటర్లోకి ఎక్కిస్తే అవి ఆఫీసు వెబ్‌సైట్లో కనపడతాయి. ఫలానా పేటలో అలాగే తాగొచ్చు, ఫలానా పేటలో కాచుకోవాలి, ఫలానా పేటలో ఈ పూటకి ఒంటికి కూడా తగలనివ్వకండి. జనం ఫోన్లో అది చూసుకునిగాని కుళాయి కింద బకెట్టు పెట్టరు.

ఆ వెబ్‌సైటు నడిచే సర్వరు మెట్లకింద చిన్న గదిలో ఉండేది. దాన్ని చూసుకునే ఆవిడకి నలభై ఎనిమిదేళ్ళు. పంతొమ్మిదేళ్ళుగా అదే గది, అదే చలి, అవే ఫ్యాన్ల రొద. ఎండాకాలంలో కూడా స్వెట్టరు వేసుకుని కూచునేది. ఆఫీసంతా ఆవిణ్ణి సర్వరమ్మ అనేవారు. ఆ పేరు పెట్టింది అంకెలు ఎక్కించే పెద్ద గుమాస్తా. ఆఫీసు ఆయనకి తిరిగి పెట్టిన పేరు నిదానంగారు. ఎవరేం అడిగినా రెండుసార్లు గొంతు సవరించుకుని, "నిదానం, నిదానం" అని మొదలుపెట్టేవాడు. కొంప మునుగుతున్నా ఆయన మాట అంతే. అయినా ఇరవయ్యారేళ్ళలో పది దాటి ఒక్క నిమిషం ఆలస్యం చేసింది లేదు.

ఒక గురువారం మధ్యాహ్నం నాలుగూ పదికి నిదానంగారు కుర్చీలో కూచునే, "కాస్త మంచినీళ్ళు" అన్నాడు. అటెండరు గ్లాసు తెచ్చేసరికి ఆయన లేడు. బతుకంతా నిదానంగా నడిచిన మనిషి, పోవడం మాత్రం అలా పోయాడు.

నెల తిరక్కుండానే ఆయన ఖాతా తీసెయ్యమని కాగితం వచ్చింది. సర్వరమ్మ తీసేసింది. అయితే యంత్రానికి మనుషులు పేర్లతో తెలియరు, నంబర్లతో తెలుస్తారు. పేర్లు మనం చూసుకోవడానికే. ఆయన నంబరు వెయ్యిన్నీ తొమ్మిది. పేరు తీసేసినా ఆయన రాసిన ఫైళ్ళు, వాటిని దాచిన ఫోల్డర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. వీటి యజమాని ఎవరని అడిగితే, పేరు ఉండాల్సిన చోట వట్టి అంకె కనపడేది. గుమ్మం మీద పేరుపలక పీకేశారు, ఇల్లు మాత్రం అలాగే ఉంది.

ఇంకో రెండు వారాలకి కొత్తమ్మాయి చేరింది. ఇరవైమూడేళ్ళు, మొదటి ఉద్యోగం. నవ్విందంటే కళ్ళు మూసుకుపోయేవి. లెక్కల్లో చురుకు, రాతలో మాత్రం అక్షరానికో తప్పు. చేరిన రోజు తొమ్మిదిన్నర దాటిపోయింది, ఆఫీసరు నెత్తిమీద నించుని "ఖాతా తెరవండి, తెరవండి" అంటున్నాడు. సర్వరమ్మ హడావిడిగా అమ్మాయి పేరు కొట్టింది. యంత్రం ఖాళీగా ఉన్న నంబరు చూసి ఇచ్చేసింది. ఏ నంబరిచ్చిందో సర్వరమ్మ చూడలేదు. పంతొమ్మిదేళ్ళలో చూడకపోవడం అదొక్కసారే.

"థాంక్స్ మేడమ్" అని కొత్తమ్మాయి నిదానంగారి కుర్చీలో కూచుంది.

మొదటి వారంలోనే ఆ అమ్మాయి రెండుసార్లు గొంతు సవరించుకుని మాట్లాడ్డం మొదలుపెట్టింది. రెండో వారంలో కాగితాన్ని చేతులు చాపి దూరంగా పెట్టుకుని చదవసాగింది. నిదానంగారి బల్లకి ఒక సొరుగుండేది. ఎవరు లాగినా వచ్చేది కాదు, ఆయన మోకాలితో ఓ పోటు పొడిచి తీసేవాడు. కొత్తమ్మాయి ఎవరూ చెప్పకుండానే మోకాలితో పొడిచి తీసింది. టీ తెచ్చే ఆవిడ అది చూసి, మర్నాటి నుంచి ఆ అమ్మాయికి చక్కెర లేని టీ పోసింది. అమ్మాయి మారుమాట లేకుండా తాగి గ్లాసు బోర్లించింది. తూర్పుపేట బోరు ఎండాకాలం ఎందుకు ఉప్పెక్కుతుందో, పాత పైపు పగిలిన ఏడాది ఎంతమంది మంచాన పడ్డారో అన్నీ చెప్పేది.

ఎవరూ వింతగా చూడలేదు. "కుర్చీలో కూచున్నాక కుర్చీ మాట వినాలి కదా మరి" అన్నాడు అటెండరు. అంతటితో సరి.

నిదానంగారి భార్య ఇంటి దగ్గర బట్టలు కుడుతుంది. ఆయన ఉన్నప్పుడు రోజూ మూడున్నరకి ఆఫీసుకి ఫోన్ చేసేది. ఆయన పోయాక ఒకరోజు పాత అలవాటున చెయ్యి ఫోన్ మీదికి పోయింది. కొత్తమ్మాయి ఎత్తింది.

"ఆఁ, చెప్పు."

అవతల కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది. తరవాత, "వచ్చేటప్పుడు తెల్ల దారం తెండి. రెండు ఉండలు."

"సరేలే."

ఆ సాయంత్రం నుంచి కొత్తమ్మాయి తన ఇంటికి వెళ్ళేముందు ఆ ఇంటికి వెళ్ళడం మొదలైంది. కిటికీ పక్క కుర్చీలో పేపరు చదువుకుంటూ కూచునేది. ఆవిడ మిషను తొక్కుతూ ఆ రోజు ఏ జాకెట్టు పాడైందో, ఎవరు ఏం పేచీ పెట్టారో చెప్పుకుపోయేది. మొదట్లో గంట. తరవాత రెండు గంటలు. ఆ తరవాత భోజనం కూడా అక్కడే.

ఇంకొకటి గురువారాలు. ప్రతి గురువారం నాలుగూ పదికి ఆ అమ్మాయి మొహం పాలిపోయేది. "కాస్త మంచినీళ్ళు" అనేది. మొదటిసారి అటెండరు పరిగెత్తి అందించాడు, తాగి తేరుకుంది. అప్పట్నుంచి అతను గురువారం నాలుక్కే నిండు గ్లాసు పట్టుకుని ఆమె పక్కన నించునేవాడు. మిగతావాళ్ళు పని ఆపేసి గడియారం చూసేవారు. హాల్లో ఈగ వాలినా వినపడేది. గుటక పడిన చప్పుడు విన్నాక, ఎవరి పని వాళ్ళు మళ్ళీ అందుకునేవారు. మూడో నెల్లో ఒక గురువారం అటెండరు చేతిలోంచి గ్లాసు జారిపోయింది. ఇంకో గ్లాసు తెచ్చేసరికి అమ్మాయి నేలమీద పడి ఉంది. పెదాలు నీలంగా తిరిగాయి. తేరుకోవడానికి పావుగంట పట్టింది. "ఇంక నుంచి రెండు గ్లాసులు పట్టుకుంటాను" అన్నాడు అటెండరు, తప్పు చేసినవాడిలా.

ఆ తరవాతి సోమవారం పదింటికి వెబ్‌సైట్లో నీళ్ళ అంకెలు లేవు. తెల్లటి పేజీ, దానిమీద ఒకటే వాక్యం: మీకు అనుమతి లేదు.

పది నిమిషాల్లో ఆఫీసు ఫోన్లన్నీ మోగిపోయాయి. "తాగొచ్చా వద్దా? అదొక్కటి చెప్పు తల్లీ" అని ఎవరో ముసలాయన బతిమాలుతున్నాడు. ఆఫీసరు మెట్లకిందికి పరుగున వచ్చాడు.

"ఫోల్డర్లన్నీ అందరికీ తెరిచేసెయ్యండమ్మా, పీడా పోతుంది!"

"తాళంచెవి కనపడలేదని ఇంటి తలుపులన్నీ పీకేసుకుంటామా సార్?" అంది సర్వరమ్మ. "ఏ తలుపు పట్టేసిందో చూడనివ్వండి."

ఏ ఫోల్డరుకైనా మూడు రకాల మనుషులు ఉంటారు. యజమాని, ఆయన జట్టు, పరాయివాళ్ళు. చూడ్డం, రాయడం, లోపలికి దాటడం, ఈ మూడింటిలో ఎవరికేది చెల్లుతుందో ముందే రాసి ఉంటుంది. జనానికి పేజీ చూపించే ప్రోగ్రాము పరాయిది. ఊరి తరఫున వచ్చి, ఒకదాని తరవాత ఒక గుమ్మం దాటుకుంటూ పోయి, చివర ఉన్న కాగితం తెచ్చి చూపిస్తుంది. దారిలో ఒక్క గుమ్మం దాటనివ్వకపోయినా, చివరి కాగితం ఎంత బార్లా తెరిచి ఉన్నా, ఉత్తచేతుల్తో తిరిగి రావలసిందే. సర్వరమ్మ పైనుంచి ఒక్కో గుమ్మం చూసుకుంటూ దిగింది. మొదటిది బాగుంది. రెండోది బాగుంది. మూడోదీ బాగానే ఉంది. నాలుగోది రోజువారీ ఫలితాల ఫోల్డరు. అది యజమానికి తప్ప ఇంకెవరికీ తెరుచుకోకుండా ఉంది.

యజమాని ఎవరా అని చూసింది. కొత్తమ్మాయి పేరు ఉంది.

లోపల ఉన్న ఫైళ్ళ జాబితా తీసింది. నిన్నమొన్నటివి, పోయినేడాదివి, పదేళ్ళ కిందటివి వరసగా వచ్చాయి. ప్రతిదాని పక్కనా కొత్తమ్మాయి పేరే. సర్వరమ్మ జాబితా అడుగుకి పోయింది. అన్నిటికంటే పాత ఫైలు ఇరవయ్యారేళ్ళ కిందటిది. ఆ రోజు పదిహేడు పేటల నీళ్ళ అంకెలూ ఎక్కించింది కొత్తమ్మాయేనని రాసి ఉంది. అప్పటికి ఆ పిల్ల పుట్టడానికే ఇంకా మూడేళ్ళుంది.

స్వెట్టరు లోపల సర్వరమ్మకి చెమట పట్టింది. పేరు పక్కకి జరిపి నంబరు అడిగింది. వెయ్యిన్నీ తొమ్మిది.

ముందు ఊరి సంగతి చూసింది. ఆ ఫోల్డర్ని పరాయివాళ్ళు చూడ్డానికి, దాటడానికి మాత్రం తెరిచింది. రాయడానికి తెరవలేదు. పదీ ఇరవైకి అంకెలు కనపడ్డాయి, ఫోన్లు ఒక్కొక్కటే సద్దుమణిగాయి. అప్పుడు మెట్లెక్కి హాల్లోకి వెళ్ళింది.

"ఫలితాల ఫోల్డరు ఎందుకు మూసేశావమ్మా?"

కొత్తమ్మాయి రెండుసార్లు గొంతు సవరించుకుంది. "నిదానం, నిదానం. సగం ఉడికింది వడ్డిస్తామా సర్వరమ్మా? నిన్న సాయంత్రం మూశాను, ఇవాళ తెరవడం మర్చిపోయాను. వయసు మీద పడుతోంది కదా."

అని నవ్వింది. నవ్వినంతసేపూ ఆ కళ్ళు తెరుచుకునే ఉన్నాయి.

సర్వరమ్మ నేరుగా ఆఫీసరు గదిలోకి వెళ్ళి జరిగింది చెప్పింది. పొరపాటు తనదేనని, అమ్మాయికి వేరే నంబరు ఇస్తానని అంది. ఆఫీసరు పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు.

"ఆయనకి ఇంకా రెండేళ్ళ సర్వీసుంది కదమ్మా. పూర్తి చెయ్యనివ్వకూడదా? పనైతే ఏ లోటూ లేకుండా జరిగిపోతోంది."

"ఆ పిల్ల సర్వీసో సార్?"

ఆఫీసరు ముందున్న ఫైలు తెరిచాడు. వద్దని మాత్రం అనలేదు.

బుధవారం మధ్యాహ్నం కొత్తమ్మాయి తల్లి వచ్చింది. ఆవిడ బడి పంతులమ్మ, ఒకటో తరగతికి అక్షరాలు చెబుతుంది. వేళ్ళ సందుల్లో ఇంకా సుద్దపొడి ఉంది. హాల్లో కూతురి బల్ల దగ్గరికి వెళ్ళి నించుంది. కొత్తమ్మాయి తలెత్తి, మర్యాదగా లేచి, కుర్చీ చూపించింది.

"ఎవరు కావాలండీ?"

పంతులమ్మ వెనక్కి తిరిగి, మెట్లకింద గది వెతుక్కుంటూ వచ్చింది. సర్వరమ్మ కుర్చీ వేస్తే కూచోలేదు.

"మూడు రోజులైందమ్మా ఇంటికొచ్చి. ఆ కుట్టుపనావిడ ఇంట్లోనే ఉంటోందట. నేను ఆవిణ్ణి తప్పుపట్టను. ఎవరి మనిషి వాళ్ళకి ముద్దు." కొంగుతో చేతులు తుడుచుకుంది, సుద్ద పోయినా ఇంకా తుడుస్తూనే ఉంది. "నా కన్నబిడ్డ నన్ను అండీ అంటే ఎలా తట్టుకోను? నంబరు మార్చండమ్మా. మీ చేతిలో పనేనని మీ అటెండరు చెప్పాడు."

"మారుస్తాను. కానీ మీరు కూడా కూచోవాలి. ఆ నంబరు మీద ఇద్దరి రాతలూ కలిసిపోయాయి. అమ్మాయి చేరకముందువి ఆయనవి, అందులో సందేహం లేదు. చేరాక రాసినవి, రోజూ అంకెల కింద పెట్టే నోట్లూ, ఉత్తరాలూ కలిపి డెబ్భైమూడు ఉన్నాయి. వాటిలో ఏది ఆయనదో ఏది అమ్మాయిదో తేల్చి, ఎవరివి వాళ్ళకి అప్పజెప్పి, అప్పుడు నంబరు మార్చాలి. ఒక్కటి అటూ ఇటూ అయినా ఆ మేరకు మనిషి అటూ ఇటూ అవుతుంది."

"అమ్మాయినే అడగొచ్చు కదా?"

"అడిగాను. తనకి తెలియడం లేదు."

పంతులమ్మ మర్నాడు సెలవు పెడతానంది. ఆవిడ వెళ్ళాక సర్వరమ్మ చాలాసేపు ఆలోచించి, నిదానంగారింటికి ఫోన్ చేసింది. చాటుగా చేసే పని కాదనిపించింది.

గురువారం రెండింటికి కుట్టుపనావిడ వచ్చింది. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది. గది గుమ్మంలోనే నిలబడి అంది, "రెండోసారి పోగొట్టుకోమంటున్నావు."

"అవునమ్మా."

"మొదటిసారి నేను దగ్గర లేను. ఎవరో అటెండరు వచ్చి చెప్పాడు." హాలువైపు తిరిగింది. "ముందు ఒకసారి మాట్లాడి వస్తాను."

హాల్లోకి వెళ్ళి ఆ బల్ల పక్కన స్టూలు వేసుకుని కూచుంది. ఇద్దరూ గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో ఎవరూ వినలేదు, వినాలని ప్రయత్నించలేదు కూడా. మధ్యలో ఒకసారి ఇద్దరూ నవ్వారని మాత్రం టీ తెచ్చే ఆవిడ చెప్పింది. అరగంట తరవాత కుట్టుపనావిడ కళ్ళు తుడుచుకుని మెట్లు దిగి వచ్చింది. పంతులమ్మ అప్పటికే అక్కడ ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పంతులమ్మ జరిగి చోటిచ్చింది.

సర్వరమ్మ ఒక్కో ఫైలూ తెరిచి చూపించింది.

"ఇది మా పిల్లదే" అంది పంతులమ్మ మొదటిదానికే. "చూడండి, నీల్లు అని రాసింది. ఊరందరి పిల్లలకీ పెద్ద ళ నేర్పాను, నా పిల్లకి నేర్పలేకపోయాను."

"ఇది ఈయనది" అంది కుట్టుపనావిడ రెండోదానికి. "ఎవర్నైనా తిట్టాలంటే ముందు రెండు వాక్యాలు మెచ్చుకుంటాడు."

మూడోది పిల్లది. వేల్లు, పల్లు, కల్లు. నాలుగోది ఆయనది. ఒక ఫైల్లో మొదటి పేరా అంతా తప్పులు, రెండో పేరాలో ఒక్క తప్పు లేదు. ఇద్దరూ చెరో వైపునుంచి దాన్ని చూసి నిట్టూర్చారు. సర్వరమ్మ దాన్ని రెండుగా విడగొట్టి ఎవరిది వాళ్ళకి రాసింది. పోనుపోను పిల్లవి తగ్గిపోయాయి. నలభై దాటాక అన్నీ ఆయనవే. "ఇక్కడెక్కడా లేదు నా తల్లి" అని పంతులమ్మ తెర మీద వేలు పెట్టి ఒక్కో వాక్యమూ వెతికింది. కుట్టుపనావిడే ఒకచోట ఆపింది. "ఇదిగో, కాళ్ళు బదులు కాల్లు. మీ పిల్లే. ఉంది, ఎక్కడికీ పోలేదు."

నాలుగయ్యేసరికి డెబ్భైరెండు తేలాయి. ఒకటి మిగిలింది. తెరిస్తే లోపల ఒకే ఒక్క వాక్యం ఉంది.

ఇంకొన్నేళ్ళు ఉండాలనుంది.

ఇద్దరూ ఒకేసారి తెర దగ్గరికి వంగారు.

"ఇది మా అమ్మాయిది" అంది పంతులమ్మ.

"కాదు. ఇది మా ఆయనది" అంది కుట్టుపనావిడ. "మిగతావన్నీ ఆఫీసు కాగితాలు. ఆయన తనకోసం రాసుకుంది ఇదొక్కటే. దీన్ని కూడా తీసేసుకుంటారా?"

"నా పిల్లకి ఇరవైమూడేళ్ళమ్మా. ఉండాలని దానికి కాకపోతే ఎవరికుంటుంది?"

పంతులమ్మ ఆ వాక్యం వంక చూడకుండా గోడ వంక చూస్తూ ఆ మాట అంది. అందులో పెద్ద ళ తప్పు లేకుండా ఉంది. ఆవిడకి అది కనపడకుండా ఉండదు, ముప్ఫై ఏళ్ళుగా చేసేది అదే పని.

సర్వరమ్మ ఫైలు రాసిన సమయం చూసింది. పోయిన గురువారం, నాలుగూ పదకొండు. ఆ నిమిషంలో కొత్తమ్మాయి నేలమీద స్పృహ లేకుండా పడి ఉంది. అటెండరు రెండో గ్లాసుకి పరిగెత్తాడు. మిగతా అందరూ ఆ పిల్ల చుట్టూ మూగారు. కీబోర్డు దగ్గర ఎవరూ లేరు.

సర్వరమ్మ ఆ సంగతి ఇద్దరికీ చెప్పలేదు.

అంతలో పైన హాల్లో "కాస్త మంచినీళ్ళు" అన్న గొంతు వినపడింది. వెంటనే అటెండరు అడుగులు. తరవాత గుటక పడ్డ చప్పుడు రాలేదు. గ్లాసు దేనికో తగిలి గణగణమంది. "నీళ్ళు లోపలికి పోవడంలేదు!" అని అటెండరు అరిచాడు. "పోస్తుంటే బయటికే వచ్చేస్తున్నాయి! సర్వరమ్మా!"

పంతులమ్మ లేచి మెట్లవైపు పరిగెత్తింది. గదిలో ఇద్దరే మిగిలారు. సర్వరమ్మ వేళ్ళు మీటల మీద ఉన్నాయి, ఒక్క పేరు కొట్టాలి. ఆమె కుట్టుపనావిడ వైపు చూసింది. అడగలేదు.

కుట్టుపనావిడ మెడలో టేపు తీసి చేతికి చుట్టుకుంది, విప్పింది.

"రాసెయ్యమ్మా. ఆ పిల్ల పేరునే రాసెయ్యి. ఈయనకి ఏదైనా అంత సూటిగా అడగడం ఎప్పుడు చేతనైంది గనక?"

సర్వరమ్మ రాసింది. ఆ వెంటనే కొత్తమ్మాయికి కొత్త నంబరిచ్చింది. యంత్రం ఒక్క క్షణం ఆలోచించి, అలాగేనంది.

పైన గుటక పడింది. మెట్లకిందికి కూడా వినపడింది. తరవాత పొలమారి గట్టిగా దగ్గు, ఆ తరవాత ఒక పడుచుగొంతు. "అయ్యో, నన్నెందుకండీ ఇలా తడిపేశారు? అమ్మా! నువ్విక్కడేంటి, బడి లేదా ఇవాళ?"

ఆ గొంతు వినగానే కుట్టుపనావిడ సంచీ తీసుకుని లేచింది. సర్వరమ్మ గేటు దాకా వెళ్ళింది.

"మీకు తెలుసు కదూ, అది ఎవరిదో?"

"ముప్ఫై ఏళ్ళు కాపురం చేశానమ్మా. బతకాలని అనడు, ఉండాలనే అంటాడు." ఆవిడ రోడ్డుకి అటూ ఇటూ చూసుకుంది. "మళ్ళీ మార్చకు. ఆ పిల్ల దగ్గరే ఉండనీ."

సర్వరమ్మ మర్నాడు వెయ్యిన్నీ తొమ్మిది ఇంక ఎవరికీ ఇవ్వకూడదని యంత్రంలో రాసిపెట్టింది. నిదానంగారి ఫైళ్ళు ఎవరైనా చూడొచ్చు, ఎవరూ దిద్దకూడదు. కొత్తమ్మాయి రెండు చెంచాల చక్కెర అడిగింది. వెబ్‌సైట్లో వారంపాటు నీల్లు అని కనపడి ఊరంతా నవ్వుకుంది. మూడున్నరకి ఫోన్ మోగలేదు. గురువారాలు మామూలు గురువారాలైపోయాయి. అటెండరు మాత్రం కొన్నాళ్ళు నాలుగింటికి గ్లాసు పట్టుకుని నించుని, ఏం చెయ్యాలో తోచక తనే తాగేసేవాడు.

రెండేళ్ళ తరవాత వానాకాలంలో, కొత్తమ్మాయి ఎక్కిన బస్సు వంతెన మీదనుంచి కాలవలో పడింది. వరద ఉధృతంగా ఉంది, బస్సు పైకప్పు దాకా మునిగిపోయింది. క్రేను వచ్చి బస్సుని పైకి లాగేసరికి ముప్పావుగంట పట్టింది. లోపల చిక్కుకున్న మిగతా పదకొండుమందీ పోయారు. బస్సుని ఒడ్డున నిలబెట్టాక కొత్తమ్మాయి సీట్లోంచి లేచి, దారి ఇవ్వండని పక్కవాళ్ళని తప్పించుకుంటూ, మెట్లు దిగి నడిచి వచ్చింది. ఒక చెప్పు పోయింది. పోలీసులు ఆ చెప్పు సంగతి రాసుకుని ఇంటికి పంపారు.

సర్వరమ్మకి ఆ కబురు మధ్యాహ్నం తెలిసింది. ఆ ఒక్క వాక్యపు ఫైలు ఇంకా కొత్తమ్మాయి పేరునే ఉందని చూసుకుని, ఆఫీసు ఫోన్లోంచే కుట్టుపనావిడకి చేసి, జరిగిందంతా చెప్పింది. అవతల మిషను ఆగింది. లైను తెగిపోయిందేమో అనుకుని సర్వరమ్మ "అమ్మా?" అంది.

"ఉన్నాను" అంది ఆవిడ. "నీళ్ళలో అంతసేపు తడిసింది కదా. పొడిబట్టలు ఎవరైనా ఇచ్చారా?"